స్లీవా, బైపాసా? ముందు మీ భయం దేని గురించో తేల్చుకోండి

బరువు తగ్గే ఆపరేషన్‌కి తేదీ ఖరారయ్యాక నిద్ర పట్టదు. నాకూ పట్టలేదు. నాలుగేళ్ళ కిందట నా బరువు 112 కిలోలు. పూటకో షుగరు మాత్ర, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, బ్యాంకులో రెండో అంతస్తుకి మెట్లెక్కాలంటే మధ్యలో ఆగడం. ఇక లాభం లేదని ఒప్పుకున్నాను. ఒప్పుకున్న దగ్గర్నుంచి ఆపరేషన్ దాకా గడిచిన ఇరవై రోజులు మాత్రం నరకం. "కడుపు కోసి పారేస్తారట", "జుట్టు మొత్తం ఊడిపోతుందట", "ఎవరో అబ్బాయి టేబుల్ మీదే పోయాడట" అని వచ్చినవాళ్ళల్లా చెప్పేవాళ్ళు. మా పెద్దమ్మ బైపాస్ అన్న మాట ఒక్కటి విని, గుండెకి అనుకుని, తెనాలి నుంచి ఏడుస్తూ ఫోను చేసింది.

నా తర్వాత రెండేళ్ళకి మా వదిన కూడా చేయించుకుంది. నాది అన్నం దారి మళ్ళించే గ్యాస్ట్రిక్ బైపాస్, తనది జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే స్లీవ్. ఒకే ఇంట్లో రెండు రకాలు ఉన్నాయని తెలిసి చుట్టాలు, వాళ్ళ చుట్టాలు ఫోను చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే, "రెండిట్లో ఏది మంచిది?" అని. నేను వాళ్ళని తిరిగి అడిగేది కూడా ఒకటే: "వీటిలో ఏ ఇబ్బందితో మీరు రోజూ బతకగలరు?" మొదటి వారంలో వచ్చే ప్రమాదాలు అన్ని ఆపరేషన్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెంట ఉండేవి మాత్రం దేనివి దానివే. మనం భయపడేది మొదటి వారం గురించి. ఎంచుకోవాల్సింది మిగతా జీవితాన్ని బట్టి.

అందరి మనసులో ఉండి ఎవరూ పైకి అడగని ప్రశ్నతోనే మొదలుపెడతాను. అనుభవమున్న బృందాలు చేసే ఈ ఆపరేషన్లలో నెలలోపు ప్రాణం పోయే ప్రమాదం వెయ్యిమందిలో ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది. గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీయించుకోవడంతో పోల్చదగ్గ ప్రమాదం ఇది. రాళ్ళున్నాయని గాల్‌బ్లాడర్ తీయించుకునేవాళ్ళని మనమెవరం ఆపం కదా. వయసు మళ్ళినా, గుండె జబ్బున్నా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నా ఆ ప్రమాదం పెరుగుతుంది. అందుకే ముందు గుండె పరీక్షలు, నిద్ర పరీక్ష, ఎండోస్కోపీ చేస్తారు. అవి బిల్లు పెంచడానికే అనుకుని తప్పించుకోకండి.

మొదటి వారాల్లో డాక్టర్లు కనిపెట్టుకుని ఉండేవి మూడు: కుట్టు దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరడం. లీకు నూటికి ఒకరిద్దరిలో, మంచి చోట్ల అంతకన్నా తక్కువమందిలో వస్తుంది. మూడోదాన్ని ఆపేది చాలావరకు మన కాళ్ళే. ఆపరేషన్ అయిన సాయంత్రమే నర్సు వచ్చి లేచి నడవమంటే కోపం వస్తుంది, నాకూ వచ్చింది. లేచి నడవండి.

ఇప్పుడు లోపల ఏం చేస్తారో చూద్దాం. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా స్టేప్లర్‌తో కత్తిరించి, 75 నుంచి 80 శాతం బయటికి తీసేస్తారు. మిగిలేది అరటికాయ లాంటి సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి ఆకలి కూడా బాగా తగ్గుతుంది. పేగుల జోలికి వెళ్ళరు. తీసేసింది మళ్ళీ పెట్టడం కుదరదు.

బైపాస్‌లో ఏదీ తీసేయరు. జీర్ణాశయం పైభాగంలో పెద్ద ఉసిరికాయంత, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిని వేరుచేసి, చిన్నపేగుని కోసి పైకి తెచ్చి దానికి కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది గానీ అన్నం అటు వెళ్ళదు. రెండు చోట్ల అతుకులు పడతాయి. మినీ బైపాస్ అమెరికాలో రాబర్ట్ రట్లెడ్జ్ అనే సర్జన్ 1997లో మొదలుపెట్టిన పద్ధతి. ఇందులో సంచి పొడుగ్గా ఉంటుంది, అతుకు ఒక్కటే, సమయం తక్కువ. మన దగ్గర కూడా చాలామంది సర్జన్లు చేస్తున్నారు. అన్నీ కీహోల్ పద్ధతిలోనే. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పడతాయి, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు.

బరువు తగ్గడంలో తేడా ఎంత? ఫిన్లాండ్‌లో స్లీవ్‌పాస్ అనే అధ్యయనంలో 240 మందిని స్లీవ్, బైపాస్‌లుగా విడదీసి ఏళ్ళ తరబడి గమనించారు. అయిదేళ్ళకి స్లీవ్ వాళ్ళు తమ అదనపు బరువులో, అంటే ఎత్తుకి తగ్గ బరువు మీద ఉన్నదాంట్లో, 49 శాతం, బైపాస్ వాళ్ళు 57 శాతం తగ్గి ఉన్నారు. అయిదడుగుల మూడంగుళాల ఎత్తుతో 110 కిలోలున్న మనిషికి అదనపు బరువు దాదాపు 46 కిలోలు. అంటే స్లీవ్‌తో 22, బైపాస్‌తో 26 కిలోల చొప్పున అన్నమాట. ఆ మూడు నాలుగు కిలోల కోసం ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని ఎంచుకోనక్కర్లేదని నా అభిప్రాయం. తేల్చాల్సినవి వేరే ఉన్నాయి.

మీకున్నది నిజంగా "గ్యాసే"నా?

మన ఇళ్ళలో గుండెల్లో మంటకీ, పులితేన్పులకీ, పొట్ట ఉబ్బరానికీ, ఛాతీ పట్టేసినట్టుండటానికీ అన్నిటికీ ఒకటే పేరు, గ్యాస్. మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ళ అడిగితే ఇస్తారు, పరగడుపున వేసుకుంటాం, పదేళ్ళు గడిచిపోతాయి. డాక్టరు "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే షుగరు, బీపీ చెప్తాం. గ్యాస్ బిళ్ళ మందని మనకి తోచదు.

నేనూ చెప్పలేదు. స్లీవ్ చేయించుకుందామనే వెళ్ళాను. ముందు రోజుల్లో చేసిన ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం ఎర్రగా ఒరిసిపోయి ఉందని తెలిసింది. అప్పుడు సర్జన్ అడిగారు, "రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్ళు వస్తాయా?" వస్తాయి, ఏళ్ళుగా వస్తున్నాయి, అందుకే రెండు దిండ్లు పెట్టుకుంటాను అన్నాను. ఆయన కాగితం మీద స్లీవ్ అన్న మాట కొట్టేసి బైపాస్ అని రాశారు.

ఎందుకంటే స్లీవ్ చేసిన జీర్ణాశయం సన్నటి గొట్టమై లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆమ్లం పైకి తన్నుతుంది. ఉన్న మంట ఎక్కువవచ్చు, లేని మంట కొత్తగా రావచ్చు. అదే ఫిన్లాండ్ అధ్యయనంలో పదేళ్ళ తర్వాత ఎండోస్కోపీ చేసి చూస్తే, ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరిసిపోయినవాళ్ళు స్లీవ్‌లో 31 శాతం, బైపాస్‌లో 7 శాతం. రెండు ఆపరేషన్ల మధ్య నేను చూసిన తేడాల్లో ఇదే పెద్దది. స్లీవ్ తర్వాత మంట భరించలేక దాన్ని బైపాస్‌గా మార్పించుకునేవాళ్ళు కూడా ఉంటారు. అది రెండో పెద్ద ఆపరేషన్.

మా వదినకి ముందు ఏ మంటా లేదు, ఎండోస్కోపీ శుభ్రంగా ఉంది, అందుకే స్లీవ్ చేశారు. అయినా ఏడాది దాటాక రాత్రిపూట మంట మొదలైంది. ఇప్పుడు ఏడింటికల్లా తినేసి, తల వైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని, రోజూ మాత్ర వేసుకుంటుంది. 38 కిలోలు తగ్గింది, మోకాళ్ళ నొప్పి పోయింది. "మళ్ళీ చేయించుకోమన్నా ఇదే చేయించుకుంటాను" అంటుంది. ఆ మంటతో ఆమె బతకగలదు. మీరు బతకగలరా అన్నది మీరే చెప్పుకోవాలి. పెద్ద హయేటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరగడం) ఉన్నవాళ్ళు, ఇప్పటికే మంటతో బాధపడేవాళ్ళు మాత్రం స్లీవ్‌కి సరేననే ముందు రెండో సర్జన్ అభిప్రాయం తప్పకుండా తీసుకోండి.

మినీ బైపాస్‌లో ఇంకో రకం ఇబ్బంది ఉంది. అతుకు ఒక్కటే కాబట్టి పైత్యరసం సంచిలోకి ఎగదన్నే అవకాశం ఉంటుంది. పసుపుపచ్చటి చేదు నీళ్ళు వస్తున్నాయంటే అదే. ఆమ్లానికి వాడే మాత్రలతో అది తగ్గదు.

బైపాస్ అడిగే మూల్యం

బైపాస్ మంటను తప్పిస్తుంది, షుగరు మీద స్లీవ్‌ కన్నా కాస్త గట్టిగా పనిచేస్తుంది. ఇన్సులిన్ దాకా వెళ్ళినవాళ్ళకి, షుగరు వచ్చి ఏళ్ళయినవాళ్ళకి డాక్టర్లు అటే మొగ్గు చూపడం అందుకే. ఆపరేషన్ అయిన రోజుల్లోనే షుగరు పడిపోతుంది కాబట్టి మందుల మోతాదు వెంటనే మారుస్తారు. పాత చీటీ ప్రకారం వేసుకుంటే ప్రమాదం.

దానికి బదులుగా మూడు అడుగుతుంది. మొదటిది, నొప్పి బిళ్ళలు జన్మలో మానేయాలి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి పేగు అతుకు దగ్గర పుండు చేస్తాయి. పుండు చిల్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది. మన ఊళ్ళలో ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే చేతిలో పెట్టేవి సాధారణంగా ఇవే. పారాసిటమాల్ వేసుకోవచ్చు. కీళ్ళవాతానికి ఈ మందులు లేకుండా రోజు గడవనివాళ్ళకి బైపాస్ మంచిది కాదు, వాళ్ళకి స్లీవ్ మేలు. సిగరెట్ కూడా ఇంతే. బీడీ, చుట్ట, సిగరెట్ మానలేని మనిషి బైపాస్ చేయించుకోకూడదని నేను గట్టిగా చెప్తాను. ఏ ఆపరేషన్‌కైనా ముందు కనీసం ఆరు వారాలు మానాలంటారు.

రెండోది డంపింగ్. చక్కెర పదార్థం చిన్న సంచిని దాటి ఒక్కసారిగా పేగులోకి పడితే ఒళ్ళు తిరగబడుతుంది. నేను మొదటి ఉగాదికి సగం బొబ్బట్టు తిన్నాను, నెయ్యి వేసుకుని. పదిహేను నిమిషాలకి గుండె దడదడలాడింది, వీపంతా చెమట, కడుపులో మెలి, కళ్ళు బైర్లు. వంటింటి గట్టు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. అరగంటకి తగ్గింది. ప్రమాదమేమీ కాదు, కానీ మళ్ళీ బొబ్బట్టు ముట్టబుద్ధి కాలేదు. తీపి మానలేనివాళ్ళకి ఇది ఒక రకంగా మేలే అంటారు కొందరు. భయపెట్టి మాన్పించడం నాకు నచ్చదు గానీ, నా విషయంలో పనిచేసింది.

మూడోది విటమిన్లు, జీవితాంతం. ఇనుము, బి12, కాల్షియం, డి విటమిన్ పేగు సరిగా పీల్చుకోదు. స్లీవ్‌కీ మాత్రలు కావాలి గానీ బైపాస్‌లో మానేస్తే దెబ్బ పెద్దది. నెలసరి వచ్చే ఆడవాళ్ళకి రక్తహీనత మన దగ్గర ముందే ఎక్కువ. ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్రని టీతో వేసుకోకూడదు. మొదటి ఏడాది మూడు నాలుగు సార్లు, ఆ తర్వాత ఏడాదికోసారైనా రక్తపరీక్షలు చేయించాలి. ఇంట్లో అందరికీ మందులు గుర్తుచేస్తూ తన మాత్ర మర్చిపోయే తల్లులు మనలో ఎక్కువ. మీరు అలాంటివారైతే, లేదా పరీక్షలకి పట్నం వచ్చి వెళ్ళే వీలు లేని చోట ఉంటే, పేగుల జోలికి వెళ్ళని స్లీవ్ వైపు చూడండి.

మాంసం, గుడ్డు ముట్టనివాళ్ళు మినీ బైపాస్ గురించి ఇంకాస్త ఆలోచించాలి. అందులో సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్ల పేగుని దాటవేస్తారు. అంతకన్నా ఎక్కువ దాటవేస్తే ప్రోటీన్ లోపించి కాళ్ళవాపులు, నీరసం వస్తాయి. "నాకు ఎన్ని సెంటీమీటర్లు వదిలేస్తున్నారు?" అని సర్జన్‌ని అడగండి. అడగడంలో మొహమాటమేమీ లేదు.

ఆపరేషన్ వద్దనుకుంటే

బెలూన్ అంటే జీర్ణాశయంలో ఆరు నెలల పాటు ఉంచి తీసేసేది. తీసేశాక బరువు వెనక్కి రావడం ఎక్కువ. పెద్ద ఆపరేషన్‌కి ముందు కాస్త తగ్గించుకోవడానికి తప్ప దాని మీద ఆశలు పెట్టుకోవద్దని నా మాట. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వేరే సంగతి. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ వచ్చాయి. వాటి పరీక్షల్లో ఏడాదిన్నర అటూ ఇటూ వాడినవాళ్ళు సగటున ఒంటి బరువులో 15 నుంచి 20 శాతం తగ్గారు. ఆపరేషన్‌తో మొదటి ఏడాది రెండేళ్ళలో 25 నుంచి 30 శాతం తగ్గుతారు. మందు ఆపేస్తే తగ్గినదాంట్లో చాలావరకు తిరిగి వస్తుంది. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువుని కొలిచే లెక్క) 30-35 మధ్య ఉండి ఆపరేషన్ అంటే ప్రాణం ఒప్పనివాళ్ళు ముందు ఇవి ప్రయత్నించడంలో తప్పులేదు. బీఎంఐ 45 ఉన్న మనిషి భయం కొద్దీ ఇంజెక్షన్లతో మూడేళ్ళు నెట్టుకొస్తానంటే మాత్రం నాకు బాధగా ఉంటుంది.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. పెళ్ళి సంబంధాలు రావట్లేదని కూతురికి ఆపరేషన్ చేయించాలని అడిగే తల్లిదండ్రులు ఫోను చేస్తుంటారు. ఆ అమ్మాయితో మాట్లాడాలంటే ఫోను ఇవ్వరు. జీవితాంతం మాత్రలు మింగాల్సింది, గుప్పెడన్నం తినాల్సింది ఆ పిల్ల. పైగా ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదంటారు డాక్టర్లు. బరువు తగ్గుతుంటే పీసీఓడీ ఉన్నవాళ్ళకి గర్భం తొందరగా వచ్చే అవకాశం కూడా ఉంది. నిర్ణయం ఆమె నోటితో రావాలి.

కోలుకోవడం ఎలా ఉంటుందంటే

ఇందులో ఆపరేషన్‌కీ ఆపరేషన్‌కీ పెద్ద తేడా లేదు, కాబట్టి ఎంపికకి దీన్ని కొలబద్దగా పెట్టుకోకండి. ముందు రెండు వారాలు పిండిపదార్థాలు బాగా తగ్గించి, ద్రవాల మీద ఉండమంటారు. జీర్ణాశయానికి అడ్డంగా ఉండే కాలేయం కుంచించుకుంటే సర్జన్‌కి దారి దొరుకుతుంది. దొంగచాటుగా బిర్యానీ తింటే మోసపోయేది మనమే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టరుకి చెప్పాలి.

ఆపరేషన్ మర్నాడు నన్ను ఎక్కువ బాధపెట్టింది కుట్లు కాదు, భుజం నొప్పి. పొట్ట ఉబ్బించడానికి ఎక్కించిన గ్యాస్ వల్ల వస్తుంది, నడిస్తే రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇంటికొచ్చాక మా అమ్మ అటక మీద నుంచి నా కొడుకు ఉగ్గుగిన్నె తీసింది. వెండిది, ముక్కు దగ్గర కాస్త సొట్ట. అందులో మజ్జిగ తేట పోసి, గడియారం చూస్తూ పావుగంటకి ఒకసారి చేతికిచ్చేది. ఒక ఉగ్గుగిన్నె అయ్యేసరికి కడుపు నిండిపోయేది. గుక్కెడు నీళ్ళు ఎక్కువైతే ఛాతీలో ముద్ద అడ్డుపడ్డట్టు నొప్పి. అలా ఉగ్గుగిన్నెతోనే రోజుకి లీటరున్నర ద్రవం లోపలికి పంపాలి. మొదటి రెండు వారాల్లో మనకుండే ఉద్యోగం అదొక్కటే.

రెండు వారాలు పలచటివి: మజ్జిగ, కారం లేని చారు, వడకట్టిన పెసరకట్టు, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. తర్వాత రెండు వారాలు మెత్తగా మెదిపినవి. నెల దాటాక ఇడ్లీ, మెత్తటి పప్పు, ఉడికించిన గుడ్డు, చేప. మామూలు తిండికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. రోజుకి 60 గ్రాములకి తక్కువ కాకుండా ప్రోటీన్ వెళ్ళాలి. గుడ్డుకి ఆరు గ్రాములే. అందుకే కంచంలో ముందు పప్పో గుడ్డో తిని, చోటుంటే అన్నం తినాలి. అన్నంతో మొదలుపెట్టే మన అలవాటు మారడానికి నాకు ఏడాది పట్టింది. తింటూ నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి.

కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు వారాలకి వెళ్ళిపోవచ్చు. నీళ్ళ బిందె, గ్యాస్ బండ ఎత్తడం నెలన్నర దాకా వద్దు.

మూడో నెలలో జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన నిండా, స్నానాల గదిలో జాలీ నిండా. ఏడ్చాను. బరువు గబగబా తగ్గితే ఒళ్ళు చేసే పని అది, ఆరేడు నెలలకి ఆగిపోయి మళ్ళీ వస్తుందని డాక్టరు చెప్పినట్టే వచ్చింది. ప్రోటీన్, ఐరన్ తగ్గితే మాత్రం ఆగదు. వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. ఆరు నెలలు మాత్ర ఇస్తారు, మానకండి. చేతుల కింద, పొట్ట మీద చర్మం వేలాడుతుంది. ఏ క్రీముతోనూ అది పోదు. నేను 72 కిలోల దాకా వెళ్ళి ఇప్పుడు 78 దగ్గర నిలిచాను. కొంత బరువు తిరిగి రావడం ఏ ఆపరేషన్‌లోనైనా ఉంటుంది.

డబ్బు గురించి ఒక్కటి. బీమా నియంత్రణ సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఈ ఆపరేషన్‌కి క్లెయిమ్ రావాలంటే వయసు 18 నిండాలి. బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులో లేని షుగరు, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) లాంటివి ఉండాలి. ముందు మామూలు పద్ధతులు పనిచేయలేదని డాక్టరు రాసివ్వాలి. పాత చీటీలు, డైట్ కాగితాలు పారేయకండి.

ఇంటికి వచ్చే ముందు సర్జన్ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, ఆయాసం, తగ్గని కడుపునొప్పి, పిక్కలో వాపు కనిపించినా ఆ రాత్రే ఫోను చేయాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. వాంతులు రెండు రోజులు ఆగకపోతే దగ్గర్లో ఎవరో ఒకరు గ్లూకోజ్ సెలైన్ పెట్టేస్తానంటారు. ఆగమనండి. ఆ స్థితిలో ముందు బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ మాట కూడా అదే కాగితం మీద, ఫోను నంబరు కింద, ఇంట్లో అందరూ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయండి.